కంచె దగ్గు

పిల్లికూతలు కూసింది రవ్నా గొంతు. శిక్ష పడింది కుక్కకి.

కుక్క పేరు చాప్పె. అంటే నల్లోడని. రవ్నా మొగుడు ఇస్సాత్ వాణ్ణి ఎత్తి నాలుగు చక్రాల బండి వెనక తొట్టిలో కూర్చోబెడుతుంటే నల్లోడు తెల్లబోయి చూశాడు. ఎప్పుడూ బండి ముందు పరిగెత్తేవాణ్ణి వెనక కట్టేస్తున్నారేమిటన్నట్టు తోక ఒకసారి ఆడించాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ రవ్నా వైపు చూశాడు. రవ్నా తన కాళ్ళ వైపు చూసుకుంది.

"మా తమ్ముడి దగ్గర వాడికేం లోటుండదు," అన్నాడు ఇస్సాత్, ముడి బిగిస్తూ. "తింటాడు, పడుకుంటాడు. నీలాస్ చేసేదీ అదే. ఇద్దరికీ బాగా కుదురుతుంది."

రవ్నా నవ్వబోయింది. నవ్వు సగంలో దగ్గయింది. దగ్గు చివర ఈలయింది. గుమ్మం కర్ర పట్టుకుని వంగి, ఆ ఈల పూర్తిగా బయటికి పోయేదాకా ఆగింది.

"చూశావా, వాడు బండెక్కాడు గానీ వాడి బొచ్చు ఎక్కలేదు. ఇల్లంతా ఉంది. ఊడ్చెయ్, తగ్గిపోద్ది."

ఈ తీర్పు చెప్పింది ఒక ఫోను. పోయిన వారం రవ్నా దగ్గి దగ్గి మాట పెగలకపోతే ఇస్సాతే ఆరోగ్యకేంద్రానికి ఫోన్ చేశాడు. అవతలి గొంతు మర్యాదగా అడిగింది, ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా అని. "ఒక్క కుక్క. అంతే," అన్నాడు ఇస్సాత్. అబద్ధమాడలేదు. ఆ మాటన్నప్పుడు పొయ్యి మీద దుప్పిమాంసం ఉడుకుతోంది. మంచం మీద దుప్పితోళ్ళు పరిచి ఉన్నాయి. ఆ ఇంట్లో దుప్పటంటే దుప్పే. గోడకి దుప్పిబొచ్చు కోటు వేలాడుతోంది. ఇస్సాత్ కాళ్ళు దుప్పికాలి తోలుజోళ్ళలో వెచ్చగా ఉన్నాయి. కానీ జంతువంటే కుక్కే. బడిపుస్తకాల్లో రెయిన్‌డీర్ అని బొమ్మేసి, బండికి కట్టి, పైన తెల్లగడ్డం తాతని కూర్చోబెడతారే, ఆ మంచుదుప్పి ఇక్కడివాళ్ళకి జంతువెలా అవుతుంది? అది బతుకు. బతుకుని ఎవరైనా ఇంట్లో జంతువుల లెక్కలో చెబుతారా?

అయితే కొన్నాళ్ళు కుక్కని దూరంగా ఉంచి చూడండి, తగ్గకపోతే మాత్రం తప్పకుండా రండి, అంది ఫోను. ఇస్సాత్ మొదటి సగం విన్నాడు.

బండి చప్పుడుకి పక్కింట్లోంచి అత్తగారు గారెన్ వచ్చింది. గారెన్‌కి ముక్కు మీద కోపం అని చుట్టుపక్కల మందలన్నిటికీ తెలుసు. ఆ కోపం చలికి గడ్డకట్టకుండా కాబోలు, దాని మీద ఎప్పుడూ ఒక ఎర్ర ఉన్నిగుడ్డ చుట్టుకుని ఉంటుంది. కళ్ళు మాత్రమే కనబడతాయి. అవి చాలు.

"కుక్క ఏం చేసిందిరా?"

"రవ్నాకి పడట్లేదమ్మా."

"కుక్క పడకపోవడమేంటి, చోద్యం!" గారెన్ నల్లోడి చెవులు నిమిరింది. "ఏం మనుషులో ఏంటో. మీ పెదనాన్న మనవడు తెచ్చుకోలేదూ దక్షిణాది పట్నం పిల్లని? దుప్పి పడదంది. కంచె దగ్గర అందరి ముందూ నిలబడి, నాకు పడదండీ అంది. తుమ్మింది, తుమ్మింది, తుమ్మి తుమ్మి రైలెక్కింది. ఒక వెంట్రుకకి ఓడిపోయి పోయింది. దుప్పి పడనిదానికి ఈ నేల మీద పనేముంది?"

ఆ మాట గారెన్ కుక్కతోనే అంది. తగిలింది మాత్రం గుమ్మంలో ఉన్న మనిషికి.

బండి కదిలింది. నల్లోడు వెనక్కే చూస్తూ పోయాడు.

రవ్నా చీపురు తీసుకుంది. మంచం కింద, బల్ల కింద, పొయ్యి వెనక, నల్లబొచ్చు దొరికినచోటల్లా ఊడ్చింది. చీపురు ముందు నల్లవెంట్రుకలు కొన్నే. బూడిదరంగువి, బోలుగా ఉండి చేత్తో నలిపితే విరిగే వెంట్రుకలు గుప్పెళ్ళు గుప్పెళ్ళు. అవి ఎవరివో ఆమెకి తెలుసు. చేటలోకి ఎత్తి, చూడకుండా పొయ్యిలో పోసింది. మంచం మీది తోళ్ళు దులుపుదామని ఒకటి పట్టుకుని విదిలించింది. ముంజేతుల మీద, తోలు తగిలినంత మేర, దోమలు కుట్టినట్టు దద్దుర్లు లేచాయి. ఇది దోమల కాలం కాదు. చేతులకి తొడుగులు లాక్కుంది.

అనుమానించడానికి ఆమె ఎవర్నీ వదల్లేదు. వసంతంలో కళ్ళు వాస్తే భూర్జచెట్ల పుప్పొడిని అంది. వేసవిలో ఎవరివో గుర్తుకోసం దూడల చెవులు కోసేప్పుడు ఊపిరాడకపోతే డేరా పొగని అంది. సబ్బు మార్చింది. కాఫీ మార్చింది. ఇప్పుడు కుక్కని మార్చారు. మార్చలేనిది ఒక్కటే మిగిలింది. దాని పేరు మనసులో కూడా పైకి అనలేదు. అంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఊళ్ళో కొట్టులో వేడి యంత్రం పక్కన కూర్చుని, వచ్చిన యాత్రికులకి బొమ్మ దుప్పులు అమ్ముకోవడం. బొమ్మవి పడతాయి, పాపం.

*

మందని ఎవరివి వాళ్ళకి విడదీసే కంచె పనికి వెళ్ళే పొద్దున ఇస్సాత్ అడిగాడు, "తగ్గిందా?"

"తగ్గింది," అంది రవ్నా. లేచిన దగ్గర్నుంచి నిలబడే ఊపిరి తీస్తోంది. కూర్చుంటే పిల్లి కూస్తుంది.

"చెప్పానా! కుక్కే."

కొండ ఎక్కి బయలు మీదికొచ్చేసరికి గాలి ఎదురు కొట్టింది. నేల మీద పలచటి కొత్త మంచు, దాన్లోంచి పొడుచుకొచ్చిన ఎర్రటి పొదలు. రవ్నా బండి వెనక కూర్చుని గాలి పీల్చింది. వచ్చింది. ఇంకోసారి పీల్చింది. అడ్డు లేకుండా అడుగుదాకా వెళ్ళింది. ఎవరికైనా సంతోషం కలగాలి. ఆమెకి భయమేసింది. కుక్క లేని ఇంట్లో ఆడని ఊపిరి, ఇల్లు లేని చోట ఆడుతోంది. మరి ఇంట్లో మిగిలిందెవరు?

కంచె దగ్గర అప్పటికే కాఫీలు మరుగుతున్నాయి. కొండ పక్కన చెక్కలతో, గోనెగుడ్డలతో కట్టిన గుండ్రటి పెద్ద దొడ్డి. దాని చుట్టూ పూలరేకుల్లా చిన్న చిన్న దొడ్లు, ఒక్కో కుటుంబానికీ ఒక్కోటి. వీటిని ఇక్కడ ఆఫీసులంటారు. ఆఫీసుకి వెళ్ళడమంటే కుర్చీలో కూర్చోవడం కాదు. తన్నే దుప్పిని వెనక్కాలు పట్టుకుని, చెవికోత చూసుకుని, మనదైతే మన గుమ్మంలోకి ఈడ్చుకుపోవడం. ఫైలు కాలితో తంతుంది, అదొక్కటే తేడా.

"వదినొచ్చింది! మన ఆఫీసులో పెద్ద గుమాస్తా వచ్చింది!" అని అరిచాడు నీలాస్. మరిదికి గడ్డం పెరిగింది గానీ నోరు మాత్రం చిన్నప్పటిదే. "మీ నల్లోడు మా ఇంట్లో రాజాలా ఉన్నాడు వదినా. రాత్రి నా మంచమెక్కాడు. పొద్దున చూస్తే నేను కిందున్నాను."

"తింటున్నాడా?"

"తినట్లేదు. తలుపు వైపు చూస్తున్నాడు." నీలాస్ ఆ మాటని కాఫీతో కడిగేశాడు. "అలవాటవుద్దిలే."

గారెన్ తన చోటికి వెళ్ళింది. పెద్ద దొడ్డి వాకిలి పక్కన, గాలి వచ్చే వైపు, కొంచెం ఎత్తుమీద. ఎన్నేళ్ళుగానో ఆ చోటు ఆమెదే. అక్కణ్ణించి పరిగెత్తే దుప్పుల చెవులు చూసి, ఏది ఎవరిదో కేకేస్తుంది. ఇంకెవరూ అక్కడ నిలబడరు. దొడ్డిలోకి ఆవిడ దిగదు. మహారాణికి మట్టి పడదని వెనకాల నవ్వుకునేవాళ్ళు. ఆవిడ ముందు నవ్విన వాళ్ళు లేరు.

వాకిలి తీశారు. మంద లోపలికొచ్చింది.

ముందు చప్పుడు. గిట్టల చప్పుడు కాదు. నడిచేప్పుడు దుప్పి కాలి నరం ఎముక మీద జారి టిక్కుమంటుంది. అన్ని కాళ్ళూ కలిసి, ఎవరో ఆగకుండా చలికి పళ్ళు కొరుకుతున్నట్టు. ఆ తర్వాత ఆవిరి, గురక, వేడి. దుప్పులు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి, ఎప్పుడూ తిరిగే వైపుకే. వాటి మీంచి బొచ్చు లేచి, ఎండు నాచు ధూళితో కలిసి, దొడ్డి మధ్యలో పొగలా నిలబడింది.

రవ్నా తాడు చుట్టలు చేతికి తీసుకుంది. తాడు విసరడంలో ఆమె కొమ్ములు తిరిగిన మనిషి. ఎదురుగా వచ్చేవాటికి నిజంగానే తిరిగి ఉంటాయి, దాంతో లెక్క సరిపోతుంది. చుట్టల్లో సగం కుడిచేతిలో, సగం ఎడమచేతిలో. విసరాలంటే కన్ను ఒకదాని మీదే ఉంచాలి. మందని చూసినవాడికి మందే దొరుకుతుంది, అంటే ఏదీ దొరకదు.

"రవ్నా కోత!" అని పైనుంచి గారెన్ కేక. "తెల్లమూతి పడ్డ! నీదే!"

రవ్నా చూసింది. ఆ ఆడదూడ చెవి కొసన పక్షితోక ఆకారం, కింద చిన్న గంటు. పుట్టినప్పుడు వాళ్ళ నాన్న ఆమెకిచ్చిన కోత. పేరు కంటే ముందు వచ్చిన పేరు. తాడు లేచింది, పడింది. కొమ్ముల మీద బిగిసింది. చేతికి చెయ్యి వేసి లాగుతూ దగ్గరికి తెచ్చుకుని, పడ్డ మెడ చుట్టూ చెయ్యేసి, ఒంటితో అదుముతూ ఆఫీసు వైపు నెట్టింది. పడ్డ గింజుకుంది. దాని మెడబొచ్చు ఆమె చెంపకి, ముక్కుకి, పెదాలకి రాసుకుంది. ఎప్పుడూ ఇష్టమైన వాసన. చేతితొడుగుకీ కోటుచేతికీ మధ్య మణికట్టు మండింది. పడ్డని లోపలికి తోసి గడియ పెట్టి తిరిగేసరికి ఇంకో కేక.

"రవ్నా కోత! దాని వెనకే!"

తాడు చుట్టుకుంటోంది. చుట్టలు కళ్ళకి జంటలుగా కనబడుతున్నాయి. కళ్ళు నులుముకుంది. నులుముకోకూడదని అప్పుడు తెలీదు.

"వదినా, ఏంటి ఆ పెదాలు?" నీలాస్ పక్కనుంచి నవ్వాడు. "పోతు గానీ ముద్దుపెట్టిందా? అన్నయ్యకి చెప్తా..."

రవ్నా జవాబు చెప్పబోయింది. మాట రాలేదు. గాలి లోపలికి వెళ్ళడం లేదు. వెళ్ళిన కాస్తా బయటికి రావడం లేదు. ఎవరో ఎండుగడ్డిపరక నోట్లో పెట్టి, ఇక దీన్లోంచే పీల్చుకో అన్నట్టుంది. పరక నలుగుతోంది. మోకాళ్ళు నేలకి తగిలాయి. చుట్టూ కాళ్ళు టిక్కుటిక్కుమంటూ తిరుగుతున్నాయి. ఇక్కడ కాదు, అనుకుంది. ఇందరి ముందు కాదు. ఊపిరి గురించి కాదు ఆ అనుకోవడం.

నీలాస్ నవ్వు ఆగిపోయింది. "అన్నయ్యా! అన్నయ్యోయ్!"

ఇస్సాత్ కంచె దూకి వచ్చాడు. ఆమెని గట్టిగా తన కోటుకేసి అదుముకున్నాడు. బొచ్చుకోటు. రవ్నా చేతులతో తోసేసింది. భర్తని తోసెయ్యడం అందరూ చూశారు.

"వదలరా దాన్ని!"

గారెన్ దొడ్డిలోకి దిగి వచ్చింది. ఆవిడ దొడ్డిలోకి దిగడం అంతకుముందెవరూ చూడలేదు. దుప్పులు కూడా పక్కకి తప్పుకున్నాయి. "ఇలా కాదు. ఎత్తండి. గాలి వైపు, వాకిలి అవతలికి. కోటు తీసెయ్యండి."

"అమ్మా, చలి..."

"చలికి చావదు. కోటు తియ్యమన్నానా! నీదీ తియ్, వెధవా. నీలాస్, నీ నైలాన్ చొక్కా ఇటియ్. పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి. గాలికి ఎదురుగా."

గారెన్ స్వయంగా కోడలి బొచ్చుకోటు గుండీలు లాగి, దాన్ని అవతలికి విసిరేసింది. తను కుట్టిన కోటే. మంచుని గుప్పిట్లోకి తీసి ఆమె మొహం, మెడ, మణికట్లు తోమింది. "చిన్నగా పీల్చు. పెద్దగా లాగకు. చిన్నగా. ఊదు. ఇంకా ఊదు." పరక కొంచెం తెరుచుకుంది. ఇస్సాత్ అప్పటికే నీలాస్ వ్యాను తెచ్చాడు.

వ్యాను అద్దంలోంచి రవ్నా చూసింది. గారెన్ తిరిగి ఎత్తుమీదికి ఎక్కుతోంది. ఎక్కుతూ మధ్యలో ఆగి, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఎర్రగుడ్డని ముక్కు మీదికి ఇంకా పైకి లాక్కుంది. కోపమే అనుకుంది రవ్నా.

*

ఆరోగ్యకేంద్రంలో తొడలో సూది పొడిచారు. ముక్కుకీ నోటికీ గిన్నెలాంటిది తగిలించి, మందు పొగ పట్టారు. రవ్నా గుండె పరిగెత్తింది, చేతులు వణికాయి, గొంతులో పిల్లి మెల్లగా నోరు మూసుకుంది.

డాక్టరు దక్షిణాది మనిషి, ఇంగ్విల్ అని, నెమ్మదైన గొంతు. ఆ గొంతుని ఇస్సాత్ గుర్తుపట్టాడు.

"కుక్కని పంపేశామండీ," అన్నాడు ముందుగానే.

"తగ్గలేదు."

"తగ్గలేదు."

ఇంగ్విల్ కుర్చీ మీద పడేసి ఉన్న బొచ్చుకోటుని చూసింది. ఇస్సాత్ జోళ్ళని చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది. "ఒకటి అడగాలి. ఎన్ని ఉన్నాయని అడగను. అది మీ బ్యాంకులో ఎంతుందని అడగడంతో సమానమని, వచ్చిన మొదటి రోజే నేర్పారు నాకు. ఆ భయంతో ఫోన్లో అసలు మాటే అడగలేదు నేను. తప్పు నాది కూడా. మీరు... దుప్పుల పని చేస్తారా?"



"ఇంకేం పని చేస్తాం," అన్నాడు ఇస్సాత్, అదేం ప్రశ్నన్నట్టు. అని, తన మాట తనకే వినబడి, భార్య వైపు తిరిగాడు. రవ్నా గోడ వైపు తిరిగింది.

ఇంగ్విల్ రక్తం తీసుకుంది. కింద సముద్రం పక్క పట్నానికి పంపాలి, కొన్నాళ్ళు పడుతుంది అంది. ఈలోపు మంచం మీంచి తోళ్ళు తియ్యండి. బొచ్చుకోట్లు, జోళ్ళు ఇంట్లోకి రానివ్వకండి. పని బట్టలు కొట్టంలోనే విప్పి, తల కడుక్కుని లోపలికి రండి. ఈ గొట్టం పొద్దునా సాయంత్రం, ఇది ఊపిరి అందనప్పుడు, ఈ సూది ఎప్పుడూ జేబులో. కంచె మాట తర్వాత మాట్లాడుకుందాం.

"మాంసం?" అని అడిగాడు ఇస్సాత్. అతని గొంతులో నిజమైన భయం వినబడింది.

"ఇన్నాళ్ళూ తింటే ఏమీ కాలేదుగా. బహుశా తినడానికి పడుతుంది, తాకడానికే పడదు. చూసుకుంటూ తినండి."

తిరుగుదారి సగమైంది. "మా అమ్మకి నేను చెప్పను," అన్నాడు ఇస్సాత్.

"నేనూ చెప్పను."

"కుక్కనే అందాం."

"ఊఁ."

ఇద్దరూ రోడ్డు చూశారు. ఎవరికీ ఆ కుక్క కళ్ళు చూసే ధైర్యం లేదు, అది బండిలో లేకపోయినా.

*

తోళ్ళు కొట్టంలోకి పోయాయి. మంచం మీద ఉత్త పరుపు మిగిలింది. రవ్నా దాని మీద పడుకుంటే పరాయింట్లో పడుకున్నట్టుంది.

మర్నాడు మెలకువ వచ్చాక కదలకుండా పడుకుని విన్నది. పొయ్యిలో కట్టె చిటపట. ఇస్సాత్ గురక. అంతే. పిల్లి లేదు. ఊపిరి తీసి, వదిలి, మళ్ళీ వింది. ఎక్కడో ఒక చిన్న ఈలైనా మిగిలి ఉండకూడదా అని వెతికింది. ఉంటే, తోళ్ళది కాదు తప్పు అనుకోవచ్చు. లేదు. ఇంత సుఖంగా ఊపిరాడి ఎన్నాళ్ళయిందో. పరుపు అంచు పట్టుకుని ఏడ్చింది. ఏడ్చినా ముక్కు మూసుకుపోలేదు, అదొక అన్యాయం.

ఇస్సాత్ రోజూ కంచెకి వెళ్ళి వస్తున్నాడు. కొట్టంలో బట్టలు విప్పి, చలికి గంతులేస్తూ లోదుస్తులతో ఇంట్లోకి పరిగెత్తుకొస్తున్నాడు. "పెళ్ళైన కొత్తలో కూడా నీకోసం ఇలా పరిగెత్తలేదు," అంటాడు. రవ్నా నవ్వుతుంది. వెంటనే, తను లేని ఆఫీసులో తన కోతని ఎవరు ఈడుస్తున్నారా అని నవ్వు ఆపుతుంది.

అలా ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే ఉండగా గారెన్ తలుపు తోసుకుని వచ్చింది. లోపలికొచ్చి ఎర్రగుడ్డ విప్పకుండానే మంచం చూసింది. ఉత్త పరుపు చూసింది. గోడకి ఖాళీ మేకు చూసింది. రవ్నా కాళ్ళకి కొట్లో కొన్న రబ్బరు బూట్లు చూసింది. బల్ల దగ్గర కూర్చుంది. రవ్నా కాఫీ పోసి, ఇక్కడి అలవాటు ప్రకారం జున్నుముక్కలు అందులో వేసి ముందు పెట్టింది. కప్పు అంచు దాటి కాఫీ ఒలికింది.

అప్పుడే ఆరోగ్యకేంద్రం నుంచి ఫోన్ వచ్చింది.

"ఆఁ, నేనే... చెప్పండి." రవ్నా గోడ వైపు తిరిగింది. "కుక్క కాదా?... అస్సలు కాదా?... పిల్లీ కాదు... ఊఁ... ఊఁ. అంత ఎక్కువా?... అర్థమైందండి. వస్తాను."

ఫోన్ పెట్టింది. వెనక నుంచి చెంచా కప్పుకి తగిలిన చప్పుడు.

"ఏమంటోంది?"

కుక్కనే అందాం అనుకున్నారు. మాట సిద్ధంగానే ఉంది. రవ్నాకి నీలాస్ మాట గుర్తొచ్చింది, తలుపు వైపు చూస్తున్నాడు అని. ఏ తప్పూ చెయ్యనివాడు అక్కడెక్కడో తిండి మానేసి తలుపు చూస్తున్నాడు.

"నాకు దుప్పి పడదంట అత్తయ్యా."

అనేసింది. రైలు కూత కోసం ఎదురుచూసినట్టు నిలబడింది.

గారెన్ కాఫీ కప్పు పక్కకి జరిపింది. తర్వాత తల వెనక్కి చేతులు పోనిచ్చి, ఎర్రగుడ్డ ముడి విప్పింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. లోపల ముక్కు కొస ఎర్రగా, తోలు లేచి ఉంది. కళ్ళ కింద ఉబ్బులు. రవ్నా ఇంత దగ్గరగా ఆ మొహాన్ని వెలుతుర్లో ఎప్పుడూ చూడలేదు. గారెన్ ఊపిరి తీసింది. ఊపిరి చివర, సన్నగా, పాతగా, బాగా అలవాటైన పిల్లి ఒకటి కూసింది.

"మా కాలంలో దీనికి ఇంత పేరు లేదు," అంది గారెన్. "కంచె దగ్గు అనేవాళ్ళం. మా అత్తకుండేది. కంచె దగ్గర వస్తుంది, కొండెక్కితే పోతుంది. ఆవిడే నన్ను ఆ ఎత్తుమీద నిలబెట్టింది. గాలి వచ్చే వైపు నిలబడు, ముక్కుకి గుడ్డ కట్టు, చెవులు చూసి కేకెయ్యి, దిగకు అంది. దిగలేదు. మహారాణి అన్నారు. అననీలే, దగ్గుదాని కంటే మహారాణి నయం కదా అనుకున్నాను."

"అంటే మీ ముక్కు మీద..."

"కోపం అనుకున్నావా? గుడ్డే. వట్టి గుడ్డ." గారెన్ పెదాలు వణికాయి, నవ్వో ఏమో. "కోపం తర్వాతొచ్చింది. రోజూ ఊపిరాడకపోతే ఎవరికి రాదు?"

రవ్నా ఎదురుగా కూర్చుంది. "మరి ఆ దక్షిణాది పిల్లని అన్ని మాటలన్నారే."

గారెన్ ఒలికిన కాఫీని వేలితో బల్ల మీద అటూ ఇటూ లాగింది.

"ఆ పిల్ల అందరి ముందూ నిలబడి, నాకు పడదు అంది. అంత తేలిగ్గా. నేను ముసలిదాన్నయ్యేదాకా అనలేకపోయిన మాట. వినడానికి నాకు పడలేదు." ఆగింది. "వెళ్ళిపొమ్మని నేననలేదు. ఉండమనీ అనలేదు. ఈ చోటు ఇలా ఉంది, రా, నా పక్కన నిలబడు అనొచ్చు. అనలేదు."

బయట బండి చప్పుడైంది. ఇస్సాత్ లోదుస్తులతో తలుపు తోసుకొచ్చి, తల్లిని చూసి గుమ్మంలోనే గడ్డకట్టాడు.

"ఏంట్రా ఆ వేషం?"

"అది... అమ్మా... కుక్క..."

"కుక్క లేదు, గిక్క లేదు. తలుపెయ్యి. నీ పెళ్ళానికీ నాకూ దుప్పి పడదు. నువ్వు మాత్రం మా ఇద్దరికీ పడతావు, ఏం చేస్తాం. పోయి చొక్కా తొడుక్కో."

*

తర్వాతి కంచె పనికి ముందు వాళ్ళిద్దర్నీ ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్ళి వచ్చాడు ఇస్సాత్. గారెన్ వెళ్ళనంది. "నాకు డాక్టర్లు పడరు." రవ్నా ఆవిడకి కోటు తొడిగి, నైలాన్‌ది, వ్యాను ఎక్కించింది. ఇంగ్విల్ ఇద్దరి ఛాతీలూ విని, తాడు, పట్టుకోవడం, ఈడ్వడం ఇక వద్దంది రవ్నాతో. గాలివైపు, దూరంగా, ముక్కుకి సరైన తొడుగుతో, ముందు మందు పీల్చి, సూది జేబులో ఉంచుకుని అయితే చూద్దాం; ఊపిరి బరువైతే ఆ నిమిషమే దిగి రావాలి. ఇస్సాత్ దాన్ని తన పద్ధతిలో గుర్తుపెట్టుకున్నాడు. "మందకి ముందు మందు," అని రోజంతా పాటలా అంటూ తిరిగాడు. ఎవరూ ఆపకపోయేసరికి తనే విసిగి ఆపాడు.

కంచె పని మొదలయ్యే పొద్దున రవ్నా తాడు చుట్ట తీసి చూసుకుంది. పాత తాడు, తన చేతికి అరిగిన తాడు. నీలాస్‌కి ఇచ్చింది. ఇవ్వడానికి చెయ్యి వెంటనే తెరుచుకోలేదు.

"నాకా? నేను విసిరితే కంచె కర్రలు దొరుకుతాయి వదినా."

"అవి కూడా మన ఆఫీసులో వెయ్యి."

గారెన్ ఆమెని ఎత్తుమీదికి తీసుకెళ్ళింది. తను ఎప్పుడూ నిలబడే రాయి చూపించింది. మంచు ఆ చోట రెండు పాదాల మేర పల్లంగా ఉంది. "ఇక్కడ నిలబడు. గాలి మారితే నువ్వూ మారు. ఆ కొండ మీద మంచుపొగ ఎటు పోతుందో చూసుకుంటూ ఉండు. చెవి చూడు, మొహం చూడకు. మొహం చూస్తే జాలేస్తుంది, ఆలోగా చెవి పోతుంది."

"మీరో?"

"నీ పక్కనే. నా కళ్ళు ఈమధ్య సరిగా ఆనట్లేదు. అది కూడా ఎవరికీ చెప్పలేదు." గారెన్ జేబులోంచి ఆరోగ్యకేంద్రం ఇచ్చిన తెల్ల తొడుగు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మొహానికి పెట్టుకుంది. దాని మీద ఎర్రగుడ్డ చుట్టుకుంది. అలవాటు.

కింద నుంచి ఎవరో అరిచారు. "ఏం గారెన్, ఇప్పుడు ఇద్దరు మహారాణులా?"

గారెన్ తొడుగు కిందికి లాగి, కంచె చుట్టూ ఉన్న అందరికీ వినబడేలా కేకేసింది.

"మాకు దుప్పి పడదు! అందుకే ఇక్కడున్నాం! నీకేం పడదో చెప్పు, నీకూ చోటు చూస్తాం!"

కాఫీ కెటిల్ మూత కాసేపు ఎగిరింది. తర్వాత కంచె అవతలి వైపు నుంచి ఎవరో ముసలాయన, గొంతు సవరించుకుని, "కంచె దగ్గా?" అన్నాడు. "నాకూ ఉంది. ఆ రాయి మీద ఇంకొకరికి చోటుందా?" నవ్వులు లేచాయి. ఈసారి వెనకాల కాదు, ఎదురుగానే.

వాకిలి తీశారు. మంద టిక్కుటిక్కుమంటూ లోపలికి తిరిగింది. బొచ్చుధూళి లేచి, గాలికి అవతలి వైపు వాలిపోయింది. రవ్నా జేబులో సూదిని తడుముకుంది. మంచుపొగ చూసింది. భయం పోలేదు. భయంతోనే చెవులు చూసింది. ఒకటి, ఒకటి, ఒకటి. పక్షితోక. కింద గంటు.

"రవ్నా కోత!" అరిచింది. కేక దొడ్డి దాటి, కొండకి తగిలి తిరిగొచ్చింది. "నీలాస్, నీ ఎడమ పక్కే! నాది!"

తాడు లేచింది, కంచె కర్రకి పడింది.

కాఫీ వేళకి నీలాస్ తన వ్యాను తలుపు తీశాడు. లోపల్నుంచి సబ్బువాసన, తర్వాత నల్లోడు. "స్నానం చేయించి తెచ్చాను వదినా," అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ. "వాడికి. నాకు ఇంకా టైముంది."

నల్లోడు పరిగెత్తి రాలేదు. నాలుగడుగులు వేసి, ఆగి, ఇస్సాత్ వైపోసారి, తొట్టి ఉన్న బండి వైపోసారి చూశాడు. రవ్నా ఎత్తుమీంచి దిగి, పొడి మంచులో, గాలివైపు మోకాళ్ళ మీద కూర్చుంది. మొహం మీది తొడుగు తీసింది. పిలవలేదు. పిలిచే హక్కుందో లేదో తెలీలేదు.

వాడే వచ్చాడు. ఆమె వాడి తడి మెడలో మొహం పెట్టింది. పెట్టి, ఊపిరి బిగబట్టి, ఎదురుచూసింది. తర్వాత నిండా పీల్చింది.

పిల్లి కూయలేదు. కుక్క మొరిగింది.